బావమరిది స్తంభం

మా చింతలకుదురులో రాయి పుట్టదు. దివిసీమంతా అంతే. గునపం దింపితే ఒండ్రుమట్టి, ఇంకా దింపితే ఉప్పునీళ్ళు, ఇంకా దింపితే పాతాళంలో వాసుకి నెత్తికి తగులుతుందేమో గానీ గులకరాయి తగలదు. కుక్కని అదిలించాలన్నా మట్టిపెడ్డ విసరాల్సిందే. కొత్త కోడలు కాపురానికి వస్తూ సన్నికల్లు తెచ్చుకుంటే వీధి వీధంతా వెళ్ళి చూసొచ్చే ఊరు మాది. అలాంటి ఊళ్ళో శివాలయం ముందు పన్నెండు రాతి స్తంభాల మండపం ఉందంటే మా వాళ్ళకి ఎంత మిడిసిపాటు ఉండాలో మీరే ఆలోచించుకోండి.

ఆ గుడి ఒక్కరు ఒక్కసారి కట్టింది కాదు. ఇంతింత చొప్పున ఎదిగింది. ముందు గర్భగుడి వచ్చింది, ఇటుకతో. ఒక్కో ఇటుక మీద పసిపిల్లని పడుకోబెట్టి జోకొట్టొచ్చు. ఊరికి పడమటగా ఉన్న దిబ్బని తవ్వి ఆ ఇటుకలు తెచ్చారని చెప్పుకుంటారు. ఆ దిబ్బకో పేరుంది గానీ అది నలుగురిలో అనే పేరు కాదు, వదిలేద్దాం. ఆ తరవాత ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో సామంతరాజు, కొడుకు పుడితే మండపం కట్టిస్తానని మొక్కుకున్నాడట. కూతురు పుట్టింది. అయినా కట్టించాడు, పెళ్ళాం నోటికి భయపడి. రాయంతా పలనాటి నుంచి కృష్ణలో పడవల మీద దిగింది. ఆ పైన ఓ జమీందారు ఇటుకా సున్నంతో గోపురం లేపాడు. దాని మీద ద్వారపాలకులకి తన మీసాలే పెట్టించుకున్నాడు. ఆ మీసాల మీద ఇప్పటికీ పావురాలు కాపురం చేస్తాయి. బందరు ఉప్పెన వచ్చినప్పుడు మండపంలోకి మోకాటిలోతు ఒండ్రు చేరింది. ఎత్తిపొయ్యడానికి మా తాతలకి బద్ధకమై, దాని మీదే గచ్చు చేసేసుకున్నారు. దాంతో స్తంభాల కాళ్ళు నేలలో ఉండిపోయి మండపం పొట్టిదైంది. పొడుగాటివాళ్ళు తలొంచుకుని లోపలికి వెళ్తారు. పై ఊళ్ళవాళ్ళు చూసి, ఆహా ఈ ఊళ్ళో ఎంత భక్తి అనుకుంటారు.

ఆ పన్నెండు స్తంభాల్నీ మా పెద్దవాళ్ళు పన్నెండు ఇళ్ళకి పంచేశారు. ఎప్పుడు పంచారో ఎవరికీ తెలీదు. శివరాత్రి ముందు ఎవరి స్తంభానికి వాళ్ళే సున్నం కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి, మామిడాకులు కట్టాలి. ఉత్సవాల్లో ఆ ఇంటివాళ్ళు ఆ స్తంభం కిందే కూర్చోవాలి. కొత్త దంపతులు దేవుడి కంటే ముందు తమ స్తంభానికి దణ్ణం పెట్టుకోవాలి. సంబంధాలు మాట్లాడేటప్పుడు వేరే ఊళ్ళలో ఎన్నెకరాలని అడుగుతారు. మా ఊళ్ళో "మీది ఏ స్తంభం?" అని అడుగుతారు.

ఇక ఇప్పుడు వెంకటాద్రి దగ్గరికి వద్దాం.

వెంకటాద్రిది ఆగ్నేయ మూల స్తంభం. దేవుడికి అన్నిటికన్నా దూరం, వంటసాలకి అన్నిటికన్నా దగ్గర. నైవేద్యం వండే పొగంతా సరాసరి దాని మీదికే కొడుతుంది. ఆ ఇంటివాళ్ళు శివరాత్రి నాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే భక్తి కాబోలనుకునేవాళ్ళు కొందరు. ప్రసాదం దేవుడి గడప దగ్గర మొదలై ఒక్కో స్తంభమే దాటుకుంటూ వచ్చేది. వెంకటాద్రి స్తంభానికి చేరేసరికి పులిహోర గంగాళంలో పసుపురంగు మెతుకులు తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. జీడిపప్పు అనే వస్తువొకటి లోకంలో ఉందని ఆయనకి పెళ్ళయ్యేదాకా తెలీదంటారు.

మొదటి స్తంభం గోవర్ధనరావుది. దేవుడి గడపకి కుడిపక్క. హారతి వెలుతురు ముందు దాని మీద పడి తరవాతే ఊరి మీద పడుతుంది. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే బళ్ళో చదువు మానేసినవాళ్ళు. గోవర్ధనరావు ఆ స్తంభానికి వీపానించి, కాళ్ళు బార్లా చాపి, జీడిపప్పు ఏరుకుని తింటుంటే, వెంకటాద్రి పొగలోంచి చూసేవాడు. ఆ చూపుకి ఇంకో రాయైతే పగిలుండేది. పలనాటి రాయి కాబట్టి నిలబడింది.

"పంచినవాడెవడో వాళ్ళింట్లో అరిసెలు తిని పంచుంటాడు," అనేవాడు వెంకటాద్రి.

ఆయనకి కుళ్ళు ఒక్క స్తంభంతో ఆగలేదు. గోవర్ధనరావుకి జ్వరమొస్తే బందరు నుంచి డాక్టరు వచ్చాడని, తనకి ఆపాటి జ్వరం ఎందుకు రాదని బెంగపెట్టుకున్నాడు. గోవర్ధనరావు గేదె కవల దూడల్ని ఈనితే, ఆ రాత్రి తన గేదెని కొష్టంలోకి వెళ్ళి తిట్టొచ్చాడు. ఇంత కుళ్ళుకునే మనిషికి భగవంతుడు ఏం చేశాడయ్యా అంటే, గోవర్ధనరావు చెల్లెలు ధనమ్మనే తెచ్చి పెళ్ళి చేశాడు. వెంకటాద్రికి ఏడెకరాల మాగాణి ఉంది. పెద్దవాళ్ళు పొలం చూశారు, స్తంభం సంగతి చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

పెళ్ళయిన మర్నాడు కొంగులు ముడేసుకుని దంపతులు మండపంలోకి వచ్చారు. వంటసాలలో చక్రపొంగలి మాడుతోంది. ధనమ్మ కళ్ళు నులుముకుని చూసింది.

"ఇదేనా మీ స్తంభం?"

"ఇదే."

"మా ఇంట్లో కవ్వం కట్టే గుంజ ఇంతకన్నా నదురుగా ఉంటుందండీ."

అందరికీ వినపడేట్టే అంది. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వారు. గోవర్ధనరావు తన స్తంభం దగ్గర నుంచి, "పోన్లే చెల్లెమ్మా, పొగకి దోమలుండవు," అన్నాడు. మండపమంతా మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు వెంకటాద్రి చెవుల్లో దూరి, అక్కడే కాపురం పెట్టింది.

ఆ ఏటి నుంచీ మొదలైంది పూత. శివరాత్రికి అందరూ ఒక్క పూత కొడితే వెంకటాద్రి మూడు కొట్టేవాడు. కోడూరు అవతల సముద్రపు గుల్లలు కాల్చే బట్టీ దగ్గరికి తనే బండి కట్టుకు వెళ్ళి, తెల్లటి గుల్లసున్నం ఏరి తెచ్చేవాడు. దాంట్లో బెల్లప్పాకం, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్ల సొన కలిపి మెదిపేవాడు. శివుడి గుళ్ళో కోడిగుడ్లేంటయ్యా అని పూజారి గారు తలబాదుకుంటే, "లింగానికి పూయట్లేదుగా, స్తంభానికేగా," అనేవాడు. ఏటికేడాది స్తంభం ఒళ్ళు చేసింది. పదేళ్ళకి నిండు నెలల మనిషిలా తయారైంది. ఇరవయ్యేళ్ళకి దానికీ గోడకీ మధ్య నుంచి పక్కకి తిరిగితే గానీ మనిషి వెళ్ళలేడు. పిల్లలు దానికి లావు స్తంభం అని పేరు పెట్టారు. వెంకటాద్రి ఆ పేరుకి మురిసిపోయాడు. దూరమైతే దూరం, పన్నెండింటిలోనూ పెద్దది తనదే కదా.

"మీ అన్నది చూడు, చిక్కి చేపాటికర్రలా అయిపోయింది," అని ధనమ్మతో అనేవాడు.

"మా పుట్టింటి స్తంభం సన్నంగా ఉన్నా దేవుడి పక్కన ఉందండీ. మీది లావెక్కి ఏం చేస్తుంది, పొయ్యి ఊదుతుందా?"

ఇలా జరుగుతుండగా, మాకు ప్రత్యేకంగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకి, మండపం కప్పు కారడం మొదలైంది. వానాకాలంలో దేవుడికి పూజారి గారు అభిషేకం చేస్తుంటే పూజారి గారికి కప్పు అభిషేకం చేసేది. కమిటీ కూర్చుంది. కమిటీకి ప్రెసిడెంటు గోవర్ధనరావే, ఆ సంగతి వేరే చెప్పాలా? పై బండలు దించి, స్తంభాలు పీకి, ఉప్పెన ఒండ్రంతా తవ్వి, మళ్ళీ అసలు మట్టానికి నిలబెట్టాలని తీర్మానించారు. పలనాటి నుంచి రాతిపని మేస్త్రి పోతయ్య, తన మనుషులతో సహా దిగాడు. పాత గుడి విప్పుతున్నారని ఎవరో చేరవేస్తే, సర్కారు మ్యూజియం నుంచి రామమూర్తి గారనే ఆఫీసరు కూడా వచ్చాడు. పులిగడ్డ అక్విడెక్టు దాటి బస్సు దిగి, అక్కడి నుంచి గొడుగు పట్టుకుని నడిచొచ్చాడు. మనిషి ఎంత సన్నమంటే, గొడుగు ముయ్యకపోతే గాలికి నాగాయలంక దాకా ఎగిరిపోతాడేమోనని మా వాళ్ళు భయపడ్డారు.

"ముందు సున్నం గీకించండి," అన్నాడాయన. "లోపల ఏముందో చూడకుండా మోకులు కట్టకూడదండీ."

మొదట గోవర్ధనరావు స్తంభం గీకారు. గంట తిరక్కుండానే ఊరు ఊరంతా నోళ్ళు తెరిచింది. సున్నం కింద బారు కట్టిన హంసలు, హంసల కింద నాట్యం చేసే ఆడవాళ్ళు. ఒకత్తి అద్దం చూసుకుంటోంది, ఒకత్తి కాల్లో ముల్లు తీసుకుంటోంది, ఒకత్తి మద్దెల వాడికేసి చూసి మూతి తిప్పుతోంది. రామమూర్తి గారు కళ్ళజోడు తుడుచుకుని, ఇది చోళుల నాటి పని, ఈ సీమలో ఇంత నాజూకు పని అరుదు అన్నాడు. గోవర్ధనరావు కండువా సవరించుకున్నాడు.

"మా తాతలు చెబుతుండేవాళ్ళండీ," అన్నాడు. ఏ తాతా ఏమీ చెప్పలేదు. చెప్పుంటే అంతమంది ఆడవాళ్ళని అన్నేళ్ళు సున్నంలో ఉంచేవాళ్ళా?

ధనమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించుకొచ్చి, పుట్టింటి స్తంభానికి హారతిచ్చింది. ఆ హారతి వెంకటాద్రి కడుపులో మండింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని, గోంగూర పచ్చడి చేదుగా ఉందని లేచిపోయాడు.

మిగతా పది స్తంభాలూ వరసగా తేలాయి. అన్నిటికీ ఏదో ఒకటి ఉంది, హంసలో లతలో ఏనుగులో. లావు స్తంభం ఒక్కటే మిగిలింది. వెంకటాద్రికి బెంగ పట్టుకుంది. లోపల ఏమీ లేకపోతే? ఉత్త బోడి రాయైతే? అసలు రాయే కాకుండా ఇటుకదిమ్మైతే? సున్నం కింద ఉన్నంతకాలం ఏదైనా అనుకోవచ్చు. గీకితే ఇంక అనుకోవడానికి ఏముంటుంది? పోతయ్యని పక్కకి లాగాడు.

"మాది గీకద్దులే పోతయ్యా. అలాగే నిలబెట్టెయ్."

"మోకు జారుద్దండీ. అంత సున్నం మీద పట్టుండదు. జారితే కింద ఉండేది నేనే గదండీ."

వెనక నుంచి గోవర్ధనరావు అందుకున్నాడు. "గీకు పోతయ్యా, గీకు. మా బావ అందులో ఇరవయ్యేళ్ళుగా కోడిగుడ్లు దాస్తున్నాడు. పిల్లలైనాయేమో చూద్దాం."

ఊరంతా చూస్తుండగా గీకారు. కొబ్బరిచిప్పల్లా పెళ్ళలు ఊడిపడుతున్నాయి. ఎంత ఊడినా సున్నమే. పొద్దున మొదలెడితే ఎండ నెత్తి మీదికొచ్చినా సున్నమే. ఊడిన పెళ్ళలతో ఓ ఇల్లు కట్టుకోవచ్చని కొందరు, రెండిళ్ళని కొందరు. చివరికి పోతయ్య చెయ్యి ఆగింది. ఉలి పక్కన పెట్టి, పైగుడ్డతో తుడిచాడు. లోపల రాయి వేరే రంగులో ఉంది. లేతగా, పచ్చిపాల మీద ఆకునీడ పడ్డట్టు. ఎనిమిది పలకల స్తంభం. దాని నడుమ అరచెయ్యంత మందాన ఓ పద్మం, సగానికి విరిసింది. రేకు మీద రేకు, ఒక్క రేకు కూడా చెదరలేదు. నిన్న పొద్దున చెక్కినట్టుంది.

రామమూర్తి గారు గొడుగు కింద పడేసి మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో రేకు మీదా వేలు పెట్టి చూశాడు.

"ఏంటండీ, పగిలిందా?" అన్నాడు వెంకటాద్రి భయంగా.

"ఇది ఈ గుడిది కాదండీ," అన్నాడాయన. "ఈ మండపం కట్టడానికి వెయ్యేళ్ళ ముందుది. మీ దిబ్బ మీద ఒకప్పుడు బౌద్ధుల కట్టడం ఉండేది, ఘంటసాలలో ఉన్నట్టు. ఇది దాని స్తంభం. మండపం కట్టేవాళ్ళకి ఒకటి తక్కువ పడి ఉంటుంది. పడవలో విరిగిందో, ఏట్లో పడిందో. దిబ్బ మీది నుంచి దీన్ని తెచ్చి లెక్క సరిపెట్టారు. పొట్టిది కాబట్టి కింద దిమ్మ వేసుంటారు. మిగతావాటితో పోలిక కుదరదు కాబట్టి ఎవరికీ కనపడని మూలన నిలబెట్టారు."

"అయితే పాతదాండీ?"

"ఈ ఊరి కంటే పాతది. మీ పూతే దీన్ని కాపాడిందండీ. మిగతావి చూడండి, పలచటి పూత కింద నూనె చేతులకి అరిగిపోయాయి. దీనికి గాలి కూడా తగల్లేదు."

వెంకటాద్రి పద్మాన్ని ఓసారి చేత్తో తడిమాడు. తరవాత నెమ్మదిగా అందరికేసీ తిరిగాడు.

"నాకు ముందే తెలుసు," అన్నాడు. "తెలిసే పూశాను."

ఆ మూడు రోజులూ ఆయన నేల మీద నడవలేదు. పొలం ఎండిపోతున్నా మండపం వదల్లేదు. వచ్చినవాళ్ళకల్లా పద్మం చూపించి, రేకులు లెక్కపెట్టించి, వాళ్ళు లెక్క తప్పితే కోప్పడి మళ్ళీ లెక్కపెట్టించాడు. గోవర్ధనరావు కనపడితే చాలు, దగ్గరికి వెళ్ళి హంసల కింద ఆడవాళ్ళని పరీక్షగా చూసేవాడు.

"ఏం బావా, మీ ఆడవాళ్ళకి ముక్కులు లేవేంటి? జలుబు చేసి చీదేశారా?"

గోవర్ధనరావు మొహం మాడిన అట్టులా అయ్యేది. మా ఊరివాళ్ళం అది చూడ్డానికే పనులు మానుకుని మండపానికి వెళ్ళేవాళ్ళం.

నాలుగో రోజున రామమూర్తి గారు కమిటీని కూర్చోబెట్టాడు. ఆ పద్మం స్తంభం పల్లెటూళ్ళో వంటపొగలో ఉండాల్సింది కాదన్నాడు. ఎలాగూ పీకుతున్నారు కాబట్టి, దాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తే, దాని చోట సర్కారు ఖర్చుతో సిమెంటు స్తంభం పోయిస్తామన్నాడు. కమిటీ ప్రెసిడెంటు సంతకం ఒక్కటే కావాలట.

గోవర్ధనరావు మొహంలో దీపావళి వెలిగింది.

"అంతకన్నానా అండీ! దేశం ఆస్తి దేశానికి ఇవ్వాలి గదండీ. మా బావకి మాత్రం అంతకన్నా ఏం కావాలి?"

"ఆగు బావా, అది మా ఇంటి స్తంభం!" అని లేచాడు వెంకటాద్రి.

"శివాలయంలో బుద్ధుడి స్తంభం ఉండడం కూడా అంత..." అని పూజారి గారు నసిగాడు. కోడిగుడ్ల సంగతి ఆయన మర్చిపోలేదు.

"ఇన్నాళ్ళూ ఉందిగా! శివుడేమన్నా లేచిపోయాడా?"

ఎవరూ వినలేదు. సర్కారువాళ్ళు మన ఊరి వస్తువు అడగడమే గొప్ప అని ఊరంతా తలూపింది. ఇంక ఒక్క పూటలో సంతకం అయిపోతుంది. స్తంభం పోతే ఆ చోట సిమెంటు దిమ్మ. మనవలు పెళ్ళి చేసుకుని సిమెంటుకి దణ్ణం పెట్టుకోవాలి. ఊరివాళ్ళకి పేరు పెట్టడం ఎంతసేపు? 'సిమెంటోళ్ళు' అంటారు, ఏడు తరాలు అంటారు. వెంకటాద్రి ఇంటికొచ్చి అరుగు మీద పీనుగులా పడుకున్నాడు.

ధనమ్మ చేటలో బియ్యం ఏరడం పూర్తిచేసింది. తరవాత చేట కింద పెట్టింది.

"అలా పడుకుంటే స్తంభం నడిచొస్తుందా?"

"నీకేం, నీ పుట్టింటిది నిక్షేపంలా ఉంది."

"నా పుట్టింటి స్తంభం కింద నేను పదహారేళ్ళు కూర్చున్నాను. మీ పొగలో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. నా కళ్ళు పోయింది దాని కిందే. ఇప్పుడు పద్మం తేలాక సిమెంటు కింద కూర్చోమంటే కూర్చుంటానా?" కొంగు బిగించింది. "మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. కుళ్ళు మీ ఒక్కరికే ఉందనుకుంటున్నారేమో. మా ఇంట్లో మంచంకోళ్ళు కూడా ఒకదాన్ని చూసి ఒకటి ఏడుస్తాయి. వెళ్ళి వాడికి కృతజ్ఞతలు చెప్పండి."

"ఏంటీ?"

"కృతజ్ఞతలు. నవ్వు మొహంతో చెప్పండి."

వెంకటాద్రి జన్మలో చేసిన పనుల్లో అంత కష్టమైన పని ఇంకోటి లేదు. బావమరిది అరుగు ఎక్కుతుంటే కాళ్ళు వెనక్కి లాగాయట. అయినా ఎక్కాడు. గోవర్ధనరావు పడక్కుర్చీలో ఉన్నాడు.

"బావా, నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను."

గోవర్ధనరావు పడక్కుర్చీలోంచి సగం లేచాడు. "ఏవైంది బావా, ఒంట్లో బాగా లేదా?"

"ఇందాక తెలివితక్కువగా అడ్డం పడ్డాను. తరవాత ఆలోచిస్తే తెలిసింది. పట్నంలో పాలరాతి గదట. చుట్టూ అద్దాలట. పైన కరెంటు దీపాలట. కింద పెద్ద అక్షరాలతో బోర్డు పెడతారట, చింతలకుదురు అని. మంత్రులొచ్చి దండలేస్తారట. ఫారిన్ దొరలు టోపీలు తీసి నిలబడతారట."

ఇందులో ఒక్క ముక్క కూడా రామమూర్తి గారు అన్నది కాదు.

"అద్దాలా?" అన్నాడు గోవర్ధనరావు.

"అద్దాలే. నీది పాపం, ఇక్కడే నూనె జిడ్డులో పడుంటుంది. ఏం చేస్తాం బావా, ఎవరి రాత వాళ్ళది. రేపు సంతకం నువ్వే పెడతావుగా? శుభం. నీ చేత్తోనే పంపించు."

ఇంటికొచ్చి ధనమ్మకి చెప్పాడు. ఆ పూట గోవర్ధనరావు ఇంట్లో అన్నం చేదుగా ఉందని ఎవరో లేచిపోయారట. పనిమనిషి చెప్పగా ఊరంతా విన్నాం.

మర్నాడు కమిటీలో రామమూర్తి గారు కాగితం పరిచాడు. గోవర్ధనరావు పెన్ను అందుకోలేదు.

"మ్యూజియానికి పంపితే మా స్తంభం పంపండి," అన్నాడు. "లేకపోతే ఏదీ పంపం."

"మీదీ మంచిదేనండీ. కానీ ఆ పద్మం..."

"పద్మం చెరువులో కూడా దొరుకుతుందండీ. మా దాని మీద హంసలున్నాయి, నాట్యం ఉంది, మద్దెల ఉంది. దేవుడి గడప పక్కన ఉండేది గొప్పదా, వంటసాల పక్కన ఉండేది గొప్పదా? చింతలకుదురు పేరు పట్నంలో నిలబడాలంటే మొదటి స్తంభమే నిలబడాలి."

"ఆ ముక్కులు అరిగాయి గదండీ..."

"ఫారిన్ దొరలకి ముక్కులతో పనేంటండీ?"

రామమూర్తి గారికి దొరలెక్కడి నుంచి ఊడిపడ్డారో అర్థం కాలేదు. ఎంత బతిమాలినా ప్రెసిడెంటు గారు పెన్ను ముట్టుకోలేదు. ఉత్త చేతులతో వెళ్ళడం కన్నా చోళుల నాటి స్తంభం నయం కాబట్టి, ఆయన చివరికి కాగితంలో 'పద్మం' కొట్టేసి 'హంసలు' అని రాశాడు. పద్మం స్తంభానికి ఇకమీదట సున్నం వెయ్యకూడదని మాత్రం వెంకటాద్రి చేత ఒట్టు వేయించుకున్నాడు. దాన్ని దేవుడి పక్క ఖాళీలోకి జరపమని కొందరన్నారు గానీ, ఏ స్తంభం ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడాలని పూజారి గారు పట్టుబట్టాడు. కోడిగుడ్లు ఊరికే పోతాయా? పద్మం మళ్ళీ మూలకే వెళ్ళింది.

స్తంభాన్ని పంపించే రోజున కాలవ గట్టు మీద ఊరంతా చేరింది. నేను చూసిన పెళ్ళి ఊరేగింపులేవీ దానికి సాటిరావు. సన్నాయి మేళం, డప్పులు, చామంతి దండలు. గడ్డి పరిచిన పడవలో పోతయ్య మనుషులు స్తంభాన్ని పడుకోబెట్టారు. ఆడవాళ్ళు దానికి పసుపు రాశారు. గోవర్ధనరావు కూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడిలా కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఊరివాళ్ళు ఆయన భుజం మీద చెయ్యేసి ఓదార్చారు. ఎంత త్యాగం, ఎంత త్యాగం అన్నారు. ఆయన మెళ్ళో కూడా ఒక దండ వేశారు.

వెంకటాద్రి గట్టు మీద ఓ పక్కగా నిలబడ్డాడు. కోరుకున్నది దక్కింది. ఈ ఊరికంటే పాత స్తంభం, ఒక్క రేకు చెదరని పద్మం, ఎప్పటికీ తన ఇంటిదే. ఆయనకేసి మాత్రం ఎవరూ చూడ్డం లేదు. సన్నాయివాడు కూడా అటే తిరిగి ఊదుతున్నాడు.

"మనది పంపుంటే ఈ మేళం మనకే వచ్చేది గదే," అన్నాడు నీరసంగా.

ధనమ్మ మొగుడి మొహంలోకి చూసింది. "ఇంకా పడవ కదల్లేదు. వెళ్ళి మార్చుకోండి."

ఎగతాళికే అంది. వెంకటాద్రి నిజంగానే గట్టు దిగాడు. బురదలో మోకాలిదాకా దిగబడి, పంచె పైకి పట్టుకుని అరిచాడు.

"రామమూర్తి గారూ! ఆగండి, ఒక్క మాట!"

మేళం ఆగింది. గోవర్ధనరావు కండువా మొహం మీది నుంచి తీసి చూశాడు.

"ఏంటండీ?" అన్నాడు పడవలోంచి రామమూర్తి గారు.

ఏం అడగాలో అప్పటిదాకా వెంకటాద్రికే తెలీదనుకుంటాను.

"ఆ స్తంభం పక్కన బోర్డు పెడతారు గదండీ?"

"పెడతామండీ, చిన్నది."

"దాని మీద ఇంకొక్క ముక్క కూడా రాయించండి. దీనికన్నా పాతది, దీనికన్నా మంచిది చింతలకుదురులో వెంకటాద్రి దగ్గర ఉంది అని. వెంకటాద్రి గారి దగ్గర అని."

గట్టు గట్టంతా గొల్లుమంది. గోవర్ధనరావు, "అలాగే రాయించండి, దేవుడికి దూరంగా ఉందని కూడా రాయించండి," అని కేకేశాడు. రామమూర్తి గారు నవ్వాడో, తలూపాడో, రెండూ చేశాడో ఎవరూ సరిగ్గా చూడలేదు. పోతయ్య గడ వేశాడు. పడవ కదిలింది. సన్నాయి మళ్ళీ మొదలైంది.

అదంతా జరిగి ఆరేడేళ్ళయింది. ఇప్పుడు మండపం కప్పు కారడం లేదు. ఒండ్రు తవ్వడంతో స్తంభాలకి కాళ్ళొచ్చాయి, పొడుగాటివాళ్ళు తలెత్తుకునే లోపలికి వెళ్తున్నారు, భక్తి కాస్త తగ్గినట్టుంది. బందరు కాలేజీ కుర్రాళ్ళు ఆదివారాలు వచ్చి పద్మానికి ఫోటోలు తీసుకుంటారు. ప్రతి ఫోటోలోనూ వెంకటాద్రి ఉంటాడు, రాసుకున్న విబూదితో సహా. గోవర్ధనరావు సిమెంటు స్తంభానికి వీపానించి, పట్నంలో మా స్తంభాన్ని చూడ్డానికి ఇవాళ ఎంతమంది వచ్చుంటారో అని ఆయనకి వినపడేట్టు అంటుంటాడు.

బోర్డు మీద ఆ ముక్క రాశారో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. పట్నం వెళ్ళే మనిషి ఎవడు కనపడినా చూసి రమ్మని వెంకటాద్రి బతిమాలతాడు. వెళ్ళినవాళ్ళు సినిమా చూసొస్తారు గానీ మ్యూజియం చూడరు. అంత బెంగగా ఉంటే మీరే వెళ్ళి చూసుకురావచ్చుగా అని ధనమ్మ చాలాసార్లు అంది. బస్సు చార్జీ కూడా చేతిలో పెట్టింది. రెండుసార్లు బస్సు దాకా వెళ్ళాడు, రెండుసార్లూ తిరిగొచ్చాడు. బోర్డు చదవాలంటే, ముందు బావమరిది స్తంభం ఎదురుగా నిలబడి దాన్ని తేరిపార చూడాలి. అదొక్కటి ఆయన వల్ల కాదు.